ఇంపాక్ట్ ఫీజు లెక్క సభ ముందు పెట్టించండి: హైదరాబాద్ శాసనసభ్యులకు బహిరంగ లేఖ

హైదరాబాద్ నుంచి, దాని చుట్టుపక్కల నియోజకవర్గాల నుంచి గెలిచి శాసనసభలో కూర్చున్న సభ్యులందరికీ నమస్కారం.

ఏ పార్టీ అని చూడకుండా అందరికీ కలిపి రాస్తున్నాను. ఈ ఉత్తరంలో ప్రస్తావించే జీవోల్లో కొన్ని కాంగ్రెస్ ప్రభుత్వాలు ఇచ్చినవి, కొన్ని టీఆర్‌ఎస్ ప్రభుత్వం ఇచ్చినవి. మున్సిపల్ శాఖ చాలా ఏళ్లు కేటీఆర్ గారి చేతిలో ఉంది, ఇప్పుడు ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి గారి దగ్గరే ఉంది. కాబట్టి ఈ విషయంలో సభలో ఒకరి మీదికి ఒకరు నెట్టేసుకుని బయటపడే వీల్లేదు. అదే నాకు కాస్త ధైర్యం.

అడిగేది ఒక్కటే. హైదరాబాద్‌లో ఎత్తయిన భవనాలకు అనుమతులిచ్చేటప్పుడు సిటీ లెవెల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇంపాక్ట్ ఫీజు అని ఒకటి వసూలు చేస్తారు. అది ఇప్పటిదాకా ఏ ప్రాంతం నుంచి ఎంత వచ్చింది, ఏ ప్రాంతంలో దేనికి ఖర్చయింది? ఒక సభాసంఘం వేసి ఈ లెక్క తీయించండి. సభలో పెట్టించండి. మిగతా ఉత్తరమంతా ఈ ఒక్క లెక్క ఎందుకు కావాలో చెప్పడానికే.

2006 మార్చిలో వచ్చిన జీవో 86తో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి పోయింది. స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న లెక్క తీసేసి, ప్లాటు సైజు, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే సెట్‌బ్యాక్, ఈ మూడింటిని బట్టి ఎత్తు తేల్చడం మొదలుపెట్టారు. 2012లో జీవో 168తో వచ్చిన బిల్డింగ్ రూల్స్ కూడా అదే దారిలో నడిచాయి. ఇది తప్పని నేను అనను. ముంబై పాత నగరంలో ఎఫ్‌ఎస్‌ఐని 1.33 దగ్గర బిగించి కూర్చున్నందుకు అక్కడి మధ్యతరగతి ఎంత ఇరుకు గదుల్లో బతికిందో అందరికీ తెలుసు. హైదరాబాద్‌లో ఇన్నాళ్లూ జీతం మీద బతికేవాళ్లు కూడా ఒక ఫ్లాటు కొనుక్కోగలిగారంటే అందులో ఈ సడలింపు వాటా ఉంది. యాభై అంతస్తులు కట్టనివ్వండి, అభ్యంతరం లేదు.

అయితే పరిమితి ఎత్తేసినవాళ్లకి ఒక సంగతి తెలుసు. జనం పైకి పెరిగితే కింద పైపులు, మోరీలు, రోడ్లు కూడా పెరగాలి. అందుకే ఇంపాక్ట్ ఫీజు పెట్టారు. పదిహేను మీటర్లు దాటిన ఎత్తుకు కట్టించుకునే ఈ డబ్బు గురించి 2012 రూల్స్‌లో రాసింది చదివితే ఆశ్చర్యమేస్తుంది, అంత చక్కగా రాశారు. ఆ సొమ్మును విడిగా ఎస్క్రో ఖాతాలో, అంటే చెప్పిన పనికి తప్ప ఇంకోదానికి వాడకూడని ఖాతాలో ఉంచాలి. అందులో సగం వసూలైన ప్రాంతంలోనే వసతులకు ఖర్చు పెట్టాలి. మిగతా సగం నగరానికి కావలసిన పెద్ద పనులకు వాడాలి. దానికో ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్లాన్, ఒక యాక్షన్ ప్లాన్ ఉండాలి. మొత్తం వ్యవహారం మూడేళ్లలో పూర్తి కావాలి. ఇవేవీ నేను కొత్తగా పెడుతున్న డిమాండ్లు కావు. ప్రభుత్వం తనకు తాను రాసుకున్న నిబంధనలు.

మరి నానక్‌రాంగూడ, నార్సింగి, కోకాపేట, తెల్లాపూర్ వైపు కట్టిన ఒక్కో టవర్ నుంచి వచ్చిన ఫీజులో సగం ఆ చుట్టుపక్కలే ఏ పైపులైనుకి, ఏ లింక్ రోడ్డుకి, ఏ నాలాకి వెళ్లింది? ఆ మూడేళ్ల యాక్షన్ ప్లాన్లు ఎక్కడున్నాయి? జీతాలకి, కాంట్రాక్టర్ల పాత బిల్లులకి మళ్లకుండా ఆ ఖాతాని ఎవరు కాపలా కాశారు? ఎమ్మెల్యేగా మీరు అడిగితే సమాధానం చెప్పి తీరాలి. నాలాంటివాళ్లు అడిగితే ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కి పొమ్మంటారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. వెయ్యి ఫ్లాట్ల ప్రాజెక్టు ఇప్పుడు పడమటి వైపు పెద్ద విశేషమేం కాదు. ఇంటికి నలుగురు అనుకుంటే నాలుగు వేల మంది. మనిషికి రోజుకి 135 లీటర్లన్నది నీటి సరఫరా పథకాలకి వాడే మామూలు లెక్కే. అంటే రోజుకి 5,40,000 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లతో పోయాలంటే రోజుకి 108 ట్యాంకర్లు. వాడిన నీళ్లలో ఎనభై శాతం మురుగుగా బయటికొస్తుంది కాబట్టి, ఇంకో 4,32,000 లీటర్ల మురుగు రోజూ ఎటో ఒకటి పోవాలి. ఇది ఒక్క గేటు లోపలి లెక్క. అదే రోడ్డు మీద అటు నాలుగు, ఇటు నాలుగు గేట్లున్నాయి.

పెద్ద ప్రాజెక్టుకి అనుమతులు లేవని కాదు. చాలానే ఉన్నాయి. 20,000 చదరపు మీటర్లు దాటితే 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కావాలి. వాటర్ బోర్డు నుంచి ఫీజిబిలిటీ, ఫైర్ ఎన్‌ఓసీ, ఎత్తు ఎక్కువైతే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్‌ఓసీ, ఆ పైన రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా. బిల్డర్లు ఈ ఫైళ్లు పట్టుకుని తిరగలేక తల పట్టుకుంటారు, వాళ్ల బాధ వాళ్లది. కానీ ఈ కాగితాలన్నిట్లోనూ ఒక ప్రాజెక్టుని విడిగా, ఒంటరిగా చూస్తారు. లోపల మురుగు శుద్ధి చేసే ఎస్‌టీపీ ఉందా, సంపు ఉందా, పార్కింగ్ ఎంత? పక్కపక్కనే పది ప్రాజెక్టులొస్తే ఆ పదింటి బరువునీ ఆ ప్రాంతానికంతా ఉన్న పెద్ద పైపు, అదే ట్రంక్ లైను, మోయగలదా, ఆ జంక్షన్ మోయగలదా అని కూడి చూసే అధికారి ఎవరు? పదోవాడికి ఫైలు మీద 'నో' అని రాసే అధికారం ఎవరికుంది? ఇంతవరకూ ఆ కుర్చీ ఖాళీగానే ఉందని నా అనుమానం.

రోడ్డు సంగతీ ఇంతే. రూల్స్ ప్రకారం ప్లాటు ముందున్న రోడ్డు వెడల్పుని బట్టి ఎత్తు ఇస్తారు. వంద అడుగుల రోడ్డు ముందుంటే ఎంత ఎత్తుకైనా దారి దొరుకుతుంది, సెట్‌బ్యాక్ వదిలితే చాలు. ఆ వంద అడుగుల రోడ్డు అర కిలోమీటరు దాటాక పాత ఊరి మధ్య నుంచి నలభై అడుగులై పోతే? కొలత తీసేది గేటు ముందు, ట్రాఫిక్ ఆగేది ఆ ఇరుకు దగ్గర. ఆఫీసు టైంలో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ చుట్టూ ఒకసారి తిరిగిన సభ్యులకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా మీ కార్ల ముందు పైలట్ వాహనం ఉంటుంది కాబట్టి గుర్తు చేస్తున్నాను.

అనుమతి ఇచ్చేటప్పుడు బిల్డర్ దగ్గర ఒక షరతు పెడతారు. ప్లాన్ తప్పకుండా కడతాననడానికి హామీగా బిల్టప్ ఏరియాలో పది శాతం దాకా కార్పొరేషన్‌కో, మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏకో మార్ట్‌గేజ్ చేయాలి. భవనంలో చేరొచ్చన్న ధ్రువపత్రం (ఓసీ) వచ్చాకే అది విడుదలవుతుంది. మంచి పద్ధతే. మరి ప్రభుత్వం తన వైపు నుంచి ఏం తాకట్టు పెడుతోంది? ఫీజు మాత్రం తీసేసుకుంటుంది. మూడేళ్లలో వేయాల్సిన పైపు వేయకపోతే దానికి జరిగే నష్టం ఏమీ లేదు. ఫ్లాటు కొన్నవాడు మాత్రం ఈఎంఐ కట్టుకుంటూ, దాని పక్కనే నెలనెలా మెయింటెనెన్స్‌లో ట్యాంకర్ల ఖర్చు కూడా కట్టుకుంటాడు. అదీ వేసవిలో బోర్లు ఎండాక అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో జరిగే గొడవల టెన్షన్‌తో కలిపి. ఇంపాక్ట్ ఫీజు బిల్డర్ జేబులోంచి వచ్చిందని అనుకునే అమాయకులు ఎవరూ ఉండరు. అది చదరపు అడుగు రేటులో కలిపి మా దగ్గరే తీసుకున్నారు. కాబట్టి లెక్క అడిగే హక్కు మాకుంది.

ఇప్పుడు కాస్త ఇబ్బందికరమైన విషయానికి వస్తాను. ఈ నగరంలో ఇళ్ల పెరుగుదలని అదుపు చేయాల్సిన ప్రభుత్వమే ఇక్కడి పెద్ద భూమి అమ్మకందారు కూడా. 2021 జులైలో కోకాపేటలో హెచ్‌ఎండీఏ వేలంలో ఎకరం గరిష్ఠంగా 60 కోట్లు పలికింది. 2023 ఆగస్టులో అక్కడే నియోపోలిస్ లేఔట్‌లో 100.75 కోట్లు పలికింది. 2025 అక్టోబర్‌లో రాయదుర్గంలో 177 కోట్లు దాకా పోయింది. ప్రభుత్వాలు మారాయి, వేలం ఆగలేదు. ప్రతిసారీ ఆ అంకె పేపర్లో మొదటి పేజీకెక్కింది, నగరం ఎంత ఎదిగిందో చూడండి అని అధికారంలో ఉన్నవాళ్లు చెప్పుకున్నారు.

ఎకరానికి 4,840 గజాలు. 100.75 కోట్లంటే గజం రెండు లక్షల ఎనిమిది వేలు, ఇంకా పునాది తీయకముందే. అంత పెట్టి కొన్నవాడు యాభై అంతస్తులు కట్టక ఏం చేస్తాడు? అక్కడ మామూలు జీతగాడికి ఇల్లు ఎలా దొరుకుతుంది? ఎక్కువ అంతస్తులకి అవకాశం ఉంటేనే ఎక్కువ రేటు వస్తుంది, ఎక్కువ రేటు వస్తేనే ఖజానా నిండుతుంది. ఇలాంటప్పుడు ఈ ప్రాంతం ఇంతకన్నా మోయలేదు అని ప్రభుత్వంలో ఎవరు నోరు తెరుస్తారు? అందుకే ఈ పని శాఖలకు వదలకండి, సభ చేయాలి అంటున్నాను.

నియోపోలిస్ సంగతిలో తేదీలు చూడండి. స్థలాలు వేలం వేసింది 2021లో, 2023లో. రాయదుర్గం నుంచి నియోపోలిస్‌కి మెట్రో వేయాలన్న ప్రతిపాదన రెండో దశ కింద కేంద్రానికి వెళ్లింది 2024 నవంబర్‌లో. రెండో దశ మొత్తం 76.4 కిలోమీటర్లు, అంచనా 24,269 కోట్లు. టవర్లు లేస్తుంటే రైలు ఇంకా కాగితం మీదే ఉంది. ఉన్న 69 కిలోమీటర్ల మెట్రోలో చివరి ముక్క జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా, 2020 ఫిబ్రవరిలో తెరిచారు. ఆ తర్వాత నగరం ఎటు పెరిగిందో, ఎంత పెరిగిందో మీకు తెలుసు. మధ్యలో 2022 డిసెంబర్‌లో ఎయిర్‌పోర్టు మెట్రోకి ఒక ప్రభుత్వం శంకుస్థాపన చేసింది, ఏడాది తిరగ్గానే ఇంకో ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. ఏ రూటు మంచిదన్న వాదనలోకి నేను పోను. ఆ ఏడాది కాలంలో ఆ రూటుని నమ్ముకుని ఫ్లాట్లు కొన్నవాళ్లున్నారు, అంతే.

పేదల ఇళ్లలో కూడా ఇదే కథ. కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభించిన డబుల్ బెడ్‌రూం కాలనీలో 15,660 ఇళ్లున్నాయి. ఒక చిన్న పట్టణం అది. ఇల్లు బాగుందనే చాలామంది అన్నారు. అయితే నగరం మధ్యలో ఇళ్లలో పని చేసుకునేవాళ్లకి, అడ్డా మీద కూలికి పోయేవాళ్లకి ఊరి చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన ఇల్లిస్తే పొద్దున్నే పనికి ఎలా పోవాలి? బస్సు, బడి, ఆసుపత్రి ఇంటితో పాటే రావాలని ఒక్క నిబంధన ఉన్నా ఈ ప్రశ్న వచ్చేది కాదు. ప్రైవేటు టవర్‌కి లేని క్రమశిక్షణ ప్రభుత్వ కాలనీకి మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

చరిత్ర తెలియని ఊరు కాదు మనది. 1908 సెప్టెంబర్‌లో మూసీ ఈ ఊరిని ముంచింది. దాని తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి వరద ఆపే జలాశయాల ఆలోచన చెప్పారు, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు, 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ కట్టారు. ముందు నీళ్లకి దారి, తర్వాత ఊరికి ప్లాను. ఆ రెండు చెరువుల కోసమే 1996లో జీవో 111 తెచ్చి 84 గ్రామాల్లో, లక్షా ముప్ఫై రెండు వేల ఎకరాల్లో నిర్మాణాలని కట్టడి చేశారు. 2000లో సుప్రీంకోర్టు కూడా దానికి మినహాయింపులివ్వొద్దంది. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలు తీసేశారు. 2023 మేలో జీవో 111ని పూర్తిగా రద్దు చేస్తున్నామని అప్పటి మంత్రివర్గం ప్రకటించింది. తాగునీటికి ఇప్పుడు ఆ చెరువులు అక్కర్లేదు, కృష్ణా, గోదావరి వచ్చేశాయి అన్నది అప్పటి వాదన. 2025 సెప్టెంబర్ చివర్లో ఆ రెండు జలాశయాల గేట్లెత్తాక మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చాయి. అవి కట్టిందే వరద కోసమని మన నాయకులు మర్చిపోయినా నది మర్చిపోలేదు. ఆ ఎగువ ప్రాంతాన్ని ఏం చేయబోతున్నారో, పాత జీవో సంగతి ఇప్పుడు ఎక్కడుందో ప్రభుత్వం చేత సభలో ఒక్క పేజీ ప్రకటన చేయించండి. అక్కడ భూములు కొంటున్నవాళ్లకీ, కింద ఒడ్డున బతుకుతున్నవాళ్లకీ ఆ పేజీ అవసరం.

చెరువుల, ప్రభుత్వ భూముల ఆక్రమణలు తొలగించడానికి 2024 జులైలో హైడ్రా అనే సంస్థ వచ్చింది. చెరువు లోపలి శిఖం భూముల్లో, నాలాల మీద కట్టినవి తీసేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే కూలిన వాటిల్లో రిజిస్ట్రేషన్ జరిగినవి, ఇంటి పన్ను కడుతున్నవి, కరెంటు మీటరున్నవి ఉన్నాయి. ఒక చేయి కాగితం ఇచ్చింది, ఇంకో చేయి బుల్డోజర్ పంపింది. ఇంకోవైపు 2020లో లేఔట్ల క్రమబద్ధీకరణకి (ఎల్‌ఆర్‌ఎస్) పిలిస్తే రాష్ట్రవ్యాప్తంగా దాదాపు ఇరవై ఐదు లక్షల దరఖాస్తులొచ్చాయి. అన్ని లక్షల ప్లాట్లు అనుమతి లేని లేఔట్లలో అమ్ముడుపోతుంటే చూస్తూ ఊరుకుని, తర్వాత ఫీజు కట్టించుకుని సరిచేసే రాష్ట్రంలో ప్లానింగ్ అనే మాటకి ఎవరు విలువిస్తారు? దరఖాస్తు పెట్టుకున్నవాళ్లని నేను తప్పుపట్టను. వాళ్లకి చవగ్గా దొరికిన జాగా అదొక్కటే.

ఇక ఎవర్ని అడగాలి అన్నది. హెచ్‌ఎండీఏ పరిధి 2025లో 10,472 చదరపు కిలోమీటర్లకి పెరిగింది. అదే ఏడాది ఫ్యూచర్ సిటీకి వేరే అథారిటీ పెట్టారు. ఏడాది చివర్లో ఓఆర్‌ఆర్ లోపలా అంచునా ఉన్న 27 పురపాలక సంస్థల్ని జీహెచ్‌ఎంసీలో కలిపారు. కార్పొరేషన్ ఒక్కటి ఉండాలా మూడుండాలా అన్న చర్చకి చాలా సమయం పోయింది. ఎన్ని ఉన్నా, వాటన్నిటికీ మీద ప్లాను చూసే బాధ్యతని రాజ్యాంగం ఒకరికి ఇచ్చింది. పది లక్షల జనాభా దాటిన మహానగర ప్రాంతానికి మెట్రోపాలిటన్ ప్లానింగ్ కమిటీ ఉండాలని, అందులో కనీసం మూడింట రెండు వంతులు స్థానిక సంస్థల్లో గెలిచినవాళ్లే ఎన్నుకున్న సభ్యులుండాలని 243జెడ్ఈ అధికరణ చెబుతోంది. 2050 మాస్టర్ ప్లాన్ గురించి ఇప్పుడు గట్టిగా వినిపిస్తోంది. ఆ ప్లాను ఈ కమిటీ చేతుల మీదుగా వస్తుందా, కన్సల్టెంట్ల దగ్గరి నుంచి నేరుగా జీవోగా వస్తుందా? ఇప్పుడు నడుస్తున్న 2031 ప్లాన్ 2013 జనవరిలో నోటిఫై అయింది. మన చేతిలో ఉన్న జనాభా లెక్క 2011ది. కొత్త జనగణన అంకెలు రాకముందే ఇంకో పాతికేళ్ల ప్లాను ఖరారు చేయకండి అని కూడా అక్కడే అడగొచ్చు.

సభాసంఘం వేస్తే దాని పని పెద్దదేం కాదు. సర్కిల్ వారీగా ఇంపాక్ట్ ఫీజు జమా ఖర్చులు తెప్పించాలి. ఆ డబ్బుతో ఏ పని మొదలైంది, ఏది పూర్తయింది, ఏది టెండరు దాటలేదు అన్నది పక్కనే రాయించాలి. వాటర్ బోర్డు నుంచి ఒక్కో ట్రంక్ లైను, ఒక్కో ఎస్‌టీపీ సామర్థ్యం, దాని మీద ఇప్పటికే అనుమతి పొందిన ఫ్లాట్ల సంఖ్య తీసుకోవాలి. ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే చాలు, ఎక్కడ ఆగాలో ఎక్కడ తొందరపడాలో తెలిసిపోతుంది. కొనేవాడు బుకింగ్ అమౌంట్ కట్టేముందు ఆ అంకెల్ని రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేరు కిందే చూసుకోగలగాలి. బిల్డర్లు దీన్ని వ్యతిరేకిస్తారని మీకు చెప్పేవాళ్లుంటారు. నిజంగా కట్టేవాళ్లు వ్యతిరేకించరు, నీళ్లు లేని ఫ్లాట్లు అమ్మడం వాళ్లకీ తలనొప్పే. ప్రీ లాంచ్ పేరుతో అనుమతులకి ముందే డబ్బు లాగేవాళ్లకి మాత్రం కష్టం.

ప్రతిపక్ష సభ్యులకు ఒక మనవి. ఈ లెక్క అడిగితే 2014 నుంచి 2023 దాకా మీ కాలం కూడా బయటికొస్తుంది. రానివ్వండి. అధికారపక్ష సభ్యులకు ఇంకో మనవి. పాత ప్రభుత్వం లెక్క బయటపెట్టడానికి మీకు ఉత్సాహం ఉంటుంది, మీ లెక్క కూడా అదే పుస్తకంలో కలిపి పెట్టించండి.

వచ్చే బడ్జెట్ సమావేశాల్లో మున్సిపల్ శాఖ పద్దు మీద చర్చ వస్తుంది. ఆ రోజు వేలం రేట్ల మీద, విగ్రహాల మీద, ఎవరు ఎవరికి భూములిచ్చారన్న దాని మీద ఎంతసేపు మాట్లాడుకున్నా సరే. ఒక్క సభ్యుడు లేచి, ఎస్క్రో ఖాతాలో ఇవాళ ఎంత ఉంది అని అడగండి. అంకెతో సమాధానం వచ్చేదాకా కూర్చోవద్దు.

ఇట్లు,
మీ ఓటర్లలో ఒకరు, ఫ్లాటు ఈఎంఐ ఇంకా తీరనివాడు